సున్నపు గుండ్రం

ఈ డ్రోను రెక్కలు కదలవేంది, నిన్న పిడుగురాళ్ల పెళ్లిలో గద్దలా తిరిగిందన్నారే, బ్యాటరీ నిండా ఉంది, గాలి లేదు, చదునుగా ఉందని ఈ సున్నపు గుండ్రం మధ్యలోనే దించాం, పెళ్లిళ్లలో దీన్ని ఎగరేసే అక్రం మాత్రం ఫోను పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు, లాక్ పడింది మామా అంటాడు, లాకేందిరా, ఆకాశానికి తాళమేంది, నా చేనురా ఇది, మా బసవయ్యన్న పొద్దున మేకల్ని తోలుకుని పత్తిలోకి పోయాడు, మేకలొచ్చాయి, అన్న రాలేదు, మూర్ఛ మనిషి, ఎక్కడ పడ్డాడో, భుజమెత్తు పత్తి నలభై ఎకరాలు, మధ్యాహ్నం నుంచి అరిచి అరిచి గొంతులు పోయాయి, పైనుంచి చూస్తే ఐదు నిమిషాల పని, ఎగరెయ్యరా అంటే, నా చేతిలో లేదు మామా, తయారుచేసిన కంపెనీవాళ్లే ఎగరనివ్వరు, ఇక్కడ హెలిపాడ్ ఉందని చుట్టూ గీత గీశారు, తీయించాలంటే కాయితాలు పంపాలి, రేపో ఎల్లుండో, రేపా, ఎవడ్రా వాడు, ఏ దేశంలో కూర్చుని నా చేలో గీత గీశాడు, ఐదో తరగతితో బడి మానినోణ్ణని ప్రతి ఆఫీసులోనూ ఆగు ఆగు అన్నవాళ్లే, ఇప్పుడు గాల్లో కూడానా, ఇటియ్యరా ఆ ఫోను.

ఫోను మ్యాపులో ఎర్ర గుండ్రం, దాని నడుమ రామబ్రహ్మం హెలిపాడ్, నా పేరు, నా పేరే, పన్నెండేళ్ల కిందట ఓట్ల సభకు పార్టీ పెద్దాయన హెలికాప్టర్లో ఇక్కడ దిగుతాడని కంది దున్నించింది నేను, వద్దురా తమ్ముడూ, పూత మీదున్న పైరురా అని ట్రాక్టరుకు అడ్డం నిలబడింది అన్న, జరుగు పిచ్చోడా అని నెట్టింది నేను, పెద్దాయన పది నిమిషాలుండి పోయాడు, మళ్లీ ఎవడూ దిగలేదు, అయినా ఏటా ఉగాదికి ఈ గుండ్రానికి సున్నం కొట్టాను, టీకొట్టు దగ్గర హెలిపాడ్ మామా అంటే మీసం తిప్పాను, ఫోన్ల షాపు యాసిన్‌ను బతిమాలి పేరు మ్యాపులోకి ఎక్కించాను, అక్కణ్ణుంచే కంపెనీవాళ్లు ఎత్తుకున్నట్టున్నారు మామా, గీత అవతల ఎగరేసినా ఇవతలికి రాదు, అంటున్నాడు అక్రం మెల్లగా.

పొద్దు వాలుతోంది, ఫోను వాడి చేతిలో పెట్టి పత్తిలోకి దిగాను, కాయల డొల్లలు చేతులు గీరుతున్నాయి, అన్నా, బసవన్నా, ఆరోజు ట్రాక్టరు ముందు నిలబడినట్టు ఒక్కసారి నిలబడవా, కనపడవా, కంపెనీవాడు నేను చెప్పిందే నమ్మాడు, నీ నెత్తి మీద ఆకాశానికి తాళం వేసింది నేనే.