టైరు బొమ్మ

గోడకు ఆనించిన ఫోనులో ఆకుపచ్చ చుక్క ఒకటి నెమ్మదిగా పాకుతోంది. ఆ చుక్కే లారీ. ఆ లారీ నడిపేది ఈ ఇంటాయన. బండి ఎక్కడుందో ఇంట్లోవాళ్లూ చూసుకోవచ్చని కంపెనీయే ఆ సదుపాయం ఇచ్చింది. ఆయన భార్య కుట్టుమిషను తొక్కుతూనే మాటిమాటికీ తలెత్తి దాన్ని చూస్తోంది.

"చాల్లే అమ్మా! నీ చూపులతోనే లారీని తోసేసేలా ఉన్నావు," అని నవ్వింది కూతురు.

"పొద్దున ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడే. ఇవాళ్టికి మానెయ్యమంటే విన్నాడా? లోడు ఒప్పుకున్నాక కాదంటే మార్కులు తగ్గించేస్తారట. నాకేమో ఒకటే గుబులుగా ఉంది."

"చుక్క కదులుతోందిగా! నాన్న బాగున్నట్టే."

చుక్క కదిలితే మనిషి బాగున్నట్టే. ఈ మాట ఈ రోజుల్లో ఎన్ని ఇళ్లలో అనుకుంటున్నారో! బయటికి వెళ్లిన మనిషి కోసం ఎదురుచూసే మనందరం అనుకునేదే.

ఏడాది కిందటి వరకూ ఆ రవాణా కంపెనీ ఆఫీసులో ఒక ముసలి గుమాస్తా ఉండేవాడు. పూటకోసారి డ్రైవర్లందరికీ ఫోను చేసేవాడు. అడిగేది లోడు సంగతే గానీ, చెవి మాత్రం గొంతు మీద ఉండేది. "ఏం తమ్ముడూ, గొంతు నీరసంగా ఉంది? బండి పక్కకి తీసి కాసేపు పడుకో. సరుకు పార్టీకి నేను చెప్పుకుంటాలే," అనేవాడు. పనంతా ఫోన్లలోకి మారాక ఆ కుర్చీ తీసేశారు. లారీ ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో, ఎంత డీజిల్ తాగిందో అన్నీ తెర మీదే కనబడుతుంటే ఇక అడిగే మనిషెందుకు? మార్పు మంచిదే, కాదనలేం. సరుకు తప్పిపోవడం లేదు, కాగితాల కోసం పడిగాపులు లేవు.

అయితే ఒక ఏర్పాటు ఉంది. లారీ అయిదు నిమిషాలకు మించి ఆగితే డ్రైవరు ఫోను గోల పెడుతుంది. తెర నిండా ఆరు బొమ్మలు వస్తాయి: టైరు, డీజిల్ పంపు, పళ్లెం, ట్రాఫిక్ దీపం, తనిఖీ గేటు, లోడు పెట్టె. ఎందుకు ఆగాడో చెబుతూ ఏదో ఒకటి నొక్కేదాకా ఆ తెర తొలగదు, వేరే నంబరు కలవదు.

పదకొండు గంటలకు చుక్క ఆగింది. మిషను మీద కాలూ ఆగింది. కాసేపటికి ఫోను మీద అక్షరాలు వచ్చాయి: 'టైరు మరమ్మతు. ఆలస్యం నలభై నిమిషాలు.'

"హమ్మయ్య, టైరేనా!" అంది తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుని.

"ఓసారి ఫోన్ చెయ్యనా?"

"వద్దులేవే. బండి కింద దూరి ఉంటాడు. ఇప్పుడు చేస్తే నామీద ఎగురుతాడు."

ఎప్పుడూ కీడే శంకించే ఆమె ఆ నలభై నిమిషాలు మాత్రం నిశ్చింతగా కూర్చుని ఒక గౌనుకు చేతులు కుట్టేసింది.

అక్కడికి కంపెనీ పంపిన మెకానిక్ చేరేసరికి లారీ రోడ్డు పక్కన తిన్నగా ఆపి ఉంది. పది టైర్లనూ ఇనుప రాడ్డుతో కొట్టి చూశాడు. ఒక్కదానికీ ఏమీ కాలేదు. ఒళ్లు మండిపోయింది. "ఏ టైరన్నా? ఎండలో నాతో వేళాకోళమా?" అంటూ తలుపు దబదబా బాదాడు. ఉలుకూ పలుకూ లేదు. మెట్టెక్కి చూస్తే డ్రైవరు స్టీరింగు మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది. గుండెపోటు అన్నారు.

వారం తర్వాత తల్లీకూతుళ్లు ఆయన బట్టల సంచి తెచ్చుకోవడానికి ఆఫీసుకు వెళ్లారు. మేనేజరు చిన్న వయసువాడు, చెడ్డవాడేమీ కాదు. కుర్చీలు వేయించాడు.

"ఏం చెప్పమంటారమ్మా! కంగారులో తప్పు బొమ్మ నొక్కేశాడు. ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఊరుకుంటామా?"

ఆమె తల దించుకుంది. పెద్దగా చదువుకోని మనిషి, పొరపడ్డాడేమో అనుకుంది.

సంచి తెచ్చి గుమ్మంలో నిలబడ్డ మెకానిక్ మాత్రం ఊరుకోలేకపోయాడు.

"తప్పు నొక్కలేదు సార్. ఒంట్లో బాగాలేదని చెప్పే బొమ్మే లేదుగా. డీజిల్ నొక్కితే ఎవరూ రారు. పళ్లెం నొక్కితే ఎవరూ రారు. ఆ ఆరింటిలో మనిషిని పంపించేది టైరు ఒక్కటే. ఆ సంగతి మా డ్రైవర్లందరికీ తెలుసు. అన్న నన్ను రమ్మన్నాడు సార్. నేనేమో టైరే కదా అని టీ తాగి, తాపీగా జాకీ పట్టుకుని వెళ్లాను."

చేతిలోని సంచి తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. కూతురు తల్లి భుజంలో ముఖం దాచుకుంది.

మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "వచ్చే వారం ఏడో బొమ్మ పెట్టిస్తున్నామమ్మా. గుండె బొమ్మ."

"అది నొక్కితే ఎవరు పలుకుతారు బాబూ?"

"పలకడం ఉండదమ్మా. సిస్టమ్ చూసుకుంటుంది."

ఆమె లేచి నిలబడింది. ఏడుపు లేదు, కోపమూ లేదు.

"ఆ రోజు నేనూ దాన్నే చూస్తూ కూర్చున్నాను నాయనా. టైరే కదా అని సంబరపడ్డాను. ఒక్క ఫోన్ చేసి ఉంటే, ఎత్తనప్పుడైనా నా గుండె ఝల్లుమనేది. నేను చేసిన తప్పే మీరు ఇంతమంది డ్రైవర్ల విషయంలో చేస్తున్నారు. లారీ ఎక్కడుందో చెప్పడానికి మీ ఫోను చాలు. లోపలున్న మనిషి ఎలా ఉన్నాడో తెలియాలంటే మాత్రం, అడగడానికి ఇవతల ఇంకో మనిషి ఉండి తీరాలి."