గద్దకు హన్మాండ్లు పెట్టిన తోక

హన్మాండ్లు సౌదీ నుంచి సెలవు మీద ఇంటికెళ్లాలంటే, చుట్టీ కాగితం మీద అతన్ని పనికి తెచ్చుకున్న కఫీలు సంతకం పడాలి. దానికి ఒకటే షరతు. కొండల దిగువన తిహామా మైదానంలో రెక్క దెబ్బతిని దొరికిన గద్దను ఖమీస్ ముషైత్‌లోని ఆయన తోటకు క్షేమంగా చేర్చాలి. "ఒక్క ఈక తగ్గినా చుట్టీ లేదు," అన్నాడు కఫీలు అబూ సాద్. ఆయనకు పక్షుల పిచ్చి. పక్షుల తర్వాతే మనుషులు.

ఏసీ గాలికి రేకు డక్టులు బిగించుకునేవాడికి ఈ గద్ద గొడవేమిటంటారా? ఏం చేస్తాడు మరి! ఇల్లు చూసి మూడేళ్లయింది. చెల్లెలు ముత్యవ్వ కూతురికి పుట్టెంటికలు తీయించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే తప్ప పిల్ల తలమీద కత్తి పడదు. వచ్చే నెలతో దానికి మూడేళ్లు నిండుతాయి. ఆ లోపు కాకపోతే మళ్లీ ఐదో ఏడే. ఫోన్ చేసినప్పుడల్లా, "మామా, ఎంటికలు కండ్లల్ల వడ్తున్నయ్, జల్ది రా," అని ఒకటే ఏడుపు. అది విన్న రోజు హన్మాండ్లుకు అన్నం సయించేది కాదు.

అందుకే ఘాట్ రోడ్డు పొడుగునా గద్దను పెట్టి మూసేసిన పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బండి తోలింది ఇస్సాకు. కాకినాడ మనిషి, నోరు ఊరుకోదు. తోటకు చేరి, పక్షిని పంజరంలోకి వదిలి, తేరిపార చూసిన హన్మాండ్లు ఒక్క కేక పెట్టాడు.

"ఇస్సాకన్నా! దీని తోక యాడవోయిందే?"

ఎర్రటి ముఖం, ఎర్రటి కాళ్లు, నల్లటి ఒళ్లు, ఇటుకరంగు వీపు, అన్నీ ఉన్నాయి. తోక ఉండాల్సిన చోట మాత్రం ఎవరో కోసుకుపోయినట్టు బెత్తెడు కూడా లేదు. పెట్టె దులిపారు. సీట్ల కింద పాకారు. ఒక్క ఈక దొరికితే ఒట్టు.

"ఆ మలుపులో కాస్త గట్టిగా బ్రేకేశాను," నసిగాడు ఇస్సాకు. "అప్పుడేమన్నా ఊడిందంటావా?"

"నీ బ్రేకు మన్నువడ! నా చుట్టీ వాయె గదనే!"

కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి కళ్లు తుడుచుకున్నాడు. డక్టులో ముక్క తక్కువైతే ఏడుస్తూ కూర్చుంటాడా? కొలిచి, కోసి, అతికిస్తాడు. తోటలో నల్ల టర్కీ కోళ్లున్నాయి. రాలిన ఈకలు ఏరి, సన్నటి తీగకు వరసగా పేర్చి, నల్ల టేపు చుట్టాడు. ఇస్సాకు గద్ద తలమీద తువ్వాలు కప్పి పట్టుకుంటే, వెనక మిగిలిన పొట్టి ఈకలకు తోక కట్టాడు. రెండు చోట్ల పొడిపించుకున్నాడు కూడా.

"మరీ బారెడు పెట్టావేంట్రా బాబూ! నెమలైపోద్ది, తగ్గించు," అన్నాడు ఇస్సాకు.

"ఉండనీ. తక్కువైతెనే మాటొస్తది."

మర్నాడు పొద్దున్నే అబూ సాద్ పశువుల డాక్టరును వెంటబెట్టుకుని దిగాడు. డాక్టరుది సూడాన్. రెక్క చూశాడు, నెలలో ఎగురుతుందన్నాడు. పక్షి వెనక వైపుకు వచ్చాడు. కనుబొమలు ముడేశాడు. రెండు వేళ్లతో తోక పట్టుకుని మెల్లగా లాగాడు. తోక టేపుతో సహా చేతిలోకి వచ్చేసింది.

హన్మాండ్లు అబూ సాద్ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "బాబా, బండిల ఊడింది. తప్పు నాదే. చుట్టీ మాత్రం ఆపకు, నీకు దండం పెడ్త!"

డాక్టరు పగలబడి నవ్వి, ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పాడు. ఇస్సాకు నోరు తెరిచి విన్నాడు.

"ఓరి నాయనో! ఏమీ ఊడలేదంట రా! పిల్లప్పుడు కాస్త తోక ఉంటదంట. ఏడెనిమిదేళ్లకి ఈకలన్నీ మారి పెద్దదయ్యేసరికి ఇంతే మిగులుద్దంట. ఎగిరేటప్పుడు కాళ్లు తోక దాటి కనపడతాయంట. తోక సాయం లేదు కాబట్టి, తాడు మీద నడిచేవోడిలాగా అటూ ఇటూ ఒరుగుతా పోద్దంట. అందుకే ఫ్రెంచోళ్లు దీనికి బటెలూర్ అని పేరెట్టారంట. అంటే గారడీవోడని. వీళ్ల ఆఫ్రికాలో బోలెడున్నాయంట."

అబూ సాద్ మాత్రం నవ్వలేదు. తోకను అటూ ఇటూ తిప్పి చూస్తూ, ఎందుకింత పని చేశావని అడిగాడు. హన్మాండ్లు పుట్టెంటికల సంగతంతా చెప్పుకున్నాడు. ఇస్సాకు అరబ్బీలో అందించాడు.

"మూడేళ్లా!" అబూ సాద్ కళ్లు పెద్దవయ్యాయి. "మేం పుట్టిన ఏడో రోజునే తీసేస్తాం. ఆ పిల్ల ముందు దారెలా చూస్తోందయ్యా? అక్కడ తీయాల్సినవి తీయకుండా, ఇక్కడ లేనివి అతికిస్తున్నావా?" అని అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. తలమీది రుమాలు జారినా ఆపలేదు. బండి బానెట్ మీదే సంతకం పెట్టేశాడు. ఇంట్లోకి వెళ్లి, మూడేళ్లుగా తన బీరువాలో ఉన్న పాస్‌పోర్టు తెచ్చి హన్మాండ్లు చేతిలో పెట్టాడు. తోకను మాత్రం తన జేబులో దోపుకున్నాడు.

"నీ పాస్‌పోర్టు నీ దగ్గరుంటే, నీది ఏదో ఒకటి నా దగ్గరుండాలిగా. తిరిగొచ్చి తీసుకో."

హన్మాండ్లుకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పాస్‌పోర్టును గుండెకు హత్తుకున్నాడు. తర్వాత రెండు చేతులూ బార్లా చాపి, అటు ఒరిగి ఇటు ఒరిగి, గేటు వైపు పరుగు తీశాడు.

"పడతావురోయ్, తిన్నగా నడు!" అరిచాడు ఇస్సాకు.

"యాడికెళ్లి నడుస్తనే అన్నా? తోక బాబా దగ్గరుండె!"