కాగితం అడుగున బి.కె.

ఆ రెండక్షరాలు అక్కడికెట్లా వచ్చాయి, భూమేష్ ఆ కాగితాన్ని కిటికీ వెలుగు వైపు తిప్పి మళ్ళీ చూశాడు, పైన జర్మన్ భాషలో మూడు వరసల టైపు, పేరు, పుట్టిన తేదీ, చేసే పని, ఎనభై అయిదేళ్ళ కిందటి సిరా టీ మరక రంగుకు పాలిపోయింది, పదకొండో పేరు మేనేజరు పెల్హమ్ సార్ వాళ్ళ అమ్మ తండ్రిది, పక్కనున్న పొడుగాటి మాటకు వయోలా వాయించేవాడు అని అర్థమని సారే చెప్పాడు, ఎడమ మూలన ఆనాటి టైపిస్టు కొట్టుకున్న రెండు పొట్టి అక్షరాలు, వాటి కింద నల్లగా, ఇప్పుడే పుట్టినంత స్పష్టంగా, ప్రిపేర్డ్ బై బి.కె., తన అక్షరాలే, కనుకుంట్ల భూమేష్‌ను తిరగేసి కంపెనీ చేసిన బి.కె., తను పుట్టడానికి యాభై ఏళ్ళ పైచిలుకు ముందు ఒక ఊరి ఆర్కెస్ట్రాలోంచి యూదులను తీసేస్తూ ఎవరో కొట్టిన జాబితా కింద తన అక్షరాలు, ఒక్క క్షణం తనే కొట్టాడేమో అనిపించింది, తర్వాత తట్టింది, ఈ స్కానర్‌లో ఏ కాగితం పెట్టినా అడుగున తన ముద్ర పడేట్టు తనే అమర్చుకున్నాడు, డ్రాయింగులకు, టైమ్‌షీట్లకు, గేటు పాసులకు, గురువారం సార్ ఇచ్చిన ఇంటి కాగితాలు స్కాన్ చేసేటప్పుడు అది తీసెయ్యడం మరిచాడు, అంతే, అంతేనని చెప్పినా గుండె వినడం లేదు, ఎందుకంటే తెర మీద ఇంకో జాబితా సగం అయి ఉంది, దానికీ మూడు వరసలే, పేరు, పుట్టిన తేదీ, చేసే పని, దాని అడుగునా ఆ రెండక్షరాలే.

ముప్ఫై ఒక్క మంది, పద్దెనిమిది దాకా కొట్టాడు, గోడ గడియారంలో పదకొండు కావడానికి ఇంకా పది నిమిషాలు, నమాజుకు ముందే దావూద్ వస్తాడు, కంపెనీ మందూబ్, పాస్‌పోర్టు ఆఫీసు పనులన్నీ అతని చేతి మీదే, యల్లా భూమేష్, రెడీ అంటాడు, జాబితా తీసుకుని కార్లో కూర్చునే ముప్ఫై ఒక్కరికీ దేశం విడిచిపోయే ఎగ్జిట్ వీసా కొట్టేస్తాడు, విదేశీ పనివాళ్ళ మీద సర్కారు వేసే లెవీ ఈ జనవరిలో మళ్ళీ పెరిగింది, ఉన్న ఇద్దరు సౌదీ కుర్రాళ్ళు ఉద్యోగం మానేశారు, ఎంతమందికి ఎంతమంది సౌదీలు ఉండాలో చూసే నితాఖాత్ లెక్కలో కంపెనీ పచ్చలోంచి పసుపుకు, పసుపులోంచి నిన్న పొద్దున ఎరుపుకు జారింది, విదేశీయులను తగ్గిస్తే మళ్ళీ పచ్చకు వస్తుంది, అందుకే ఈ జాబితా, పేర్ల పక్కన టిక్కులు పెట్టింది పెల్హమ్ సార్, పెట్టమన్నది పైవాళ్ళు, తనది టైపు మాత్రమే, కానీ ఎరుపులో పడ్డ కంపెనీ మనిషి వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, సంతకం లేకుండానే వేరే కంపెనీకి మారిపోవచ్చు, కొత్త కంపెనీ వాళ్ళు కంప్యూటర్లో అడిగితే చాలు, ఎగ్జిట్ పడకముందు అడగాలి, పడ్డాక ఆ తలుపు మూసుకుంటుంది, ఈ సంగతి దావూద్‌కు తెలుసు, సార్‌కు తెలుసు, తనకు తెలుసు, క్యాంపులో పని లేక కూర్చున్న ముప్ఫై ఒక్కరికీ తెలియదు, పంతొమ్మిదో పేరు దగ్గర వేలు ఆగి ఉంది, గాజెంగి రాజేశం, స్కాఫోల్డర్, ఇనుప పైపులతో పరంజా కట్టేవాడు, అమ్మ తమ్ముడు, మేనమామ.

ఆపకు, కొట్టు, తల దించుకుని కొట్టు, ఇది నీ నిర్ణయం కాదు, నీకు చెప్పింది నువ్వు చెయ్యాలి, అమ్మ జగిత్యాల దగ్గర కార్ఖానాలో బీడీలు చుడుతూ చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు చెప్పుకునేది, మా పెద్దోడు డిగ్రీ జేసిండు, మా ఇంట్ల సంతకం గాడే మొదలు వెట్టిండు అని, నాన్న బతికినన్నాళ్ళు రేషన్ షాపులోనూ బ్యాంకులోనూ వేలిముద్రే, వేలికంటిన నీలం సిరాను గోడకు తుడుస్తూ సిగ్గుపడేవాడు, అందుకే ఇక్కడ సౌదీలో, జుబైల్‌లో, తొలిసారి కాగితం కింద బి.కె. అని వేసుకున్న రోజు భూమేష్ దాన్ని ఫోటో తీసి ఇంటికి పంపాడు, ఇప్పుడు నోరు జారిందంటే కంపెనీ రహస్యం బయటపెట్టాడంటారు, ముప్ఫై రెండో పేరు తనదవుతుంది, ఆ పేరు టైపు చెయ్యడానికి ఇంకొకణ్ణి పిలుస్తారు, పోలీసు కేసు పెడతారేమో, మళ్ళీ రాకుండా వేలిముద్రలు తీసుకుని పంపుతారట, వేలిముద్రలు, అదీ రాసి ఉంది కాబోలు, నాన్న దగ్గర మొదలై మళ్ళీ నాన్న దగ్గరికే.

లోపలి గదిలో సన్నగా సంగీతం, తలుపు మూసే ఉంది, సార్ ఇవాళ దాన్ని మామూలు కంటే తగ్గించి పెట్టుకున్నాడు, జనవరి ఇరవై ఏడు, వాళ్ళ ఇంగ్లండులో యూదుల మారణకాండను తలచుకునే రోజట, ఇక్కడ ఎవరికీ చెప్పడు, తల్లి యూదురాలని ఈ ఆఫీసులో తెలిసింది తనొక్కడికే, అదీ కాగితాలు స్కాన్ చెయ్యాల్సి వచ్చింది కాబట్టి, మొదట్లో భూమేష్‌కు ఆ సంగీతం ఎవరో గోడ చాటున మూలిగినట్టుండేది, ఫైళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళినప్పుడల్లా సార్ చెయ్యెత్తి ఆపేవాడు, ఆగు, పైన పాడేది వయోలిన్, అందరూ దాన్నే వింటారు, కింద మధ్యలో ఉందే, అది వయోలా, వినబడుతోందా, వినబడలేదు, ఆర్నెల్లు వినబడలేదు, ఒకరోజు వినబడింది, ఒగ్గు కథలో కథకుడు ఊపిరి తీసుకునే చోట వంత పాడేవాడి గొంతు పట్టుకుంటుందే, అట్లా, ఆ మాట చెప్తే సార్ కుర్చీలోంచి లేచాడు, మా తాత నీ మాట విని ఉంటే నిన్ను ఇంటికి భోజనానికి పిలిచేవాడు అన్నాడు, అప్పటి నుంచి భూమేష్ బస్సులో కూడా చెవుల్లో అదే పెట్టుకుంటాడు, పక్కనోళ్ళు ఏంరా ఎవలన్న సచ్చిండ్రా అంటారు, అననీ, మధ్యలో ఉన్న ఆ గొంతు కోసం వింటాడు, అది దొరికితే ఒళ్ళు తేలికవుతుంది, ఇవాళ మాత్రం దొరకడం లేదు, ఇవాళ అదొక్కటే ఆగిపోయి మిగతావన్నీ మోగుతున్నట్టుంది.

పాస్‌పోర్టు కోసం గదా సార్‌కు ఈ ఇంటి కాగితాలు, బ్రిటన్ యూరప్‌లోంచి బయటికి పోతోంది, మొన్న పార్లమెంటులో ప్రధాని తెచ్చిన ఒప్పందాన్ని సొంత పార్టీ వాళ్ళే ఓడించారు, సార్ ఫోన్‌లో అది చూస్తూ బల్ల గుద్దాడు, సార్ చెల్లెలు లీడ్స్ నుంచి స్పీకర్‌లో అరుస్తుంది, పోదామని ఓటేసినవాడివి నువ్వు, ఇప్పుడు జర్మనీ పాస్‌పోర్టుకు అర్జీ పెట్టేదీ నువ్వే, అమ్మ ఉంటే నీ చెవి మెలేసేది అని, ఎవరి పౌరసత్వం ఆనాడు లాక్కున్నారో వాళ్ళ పిల్లలకు జర్మనీ తిరిగి ఇస్తుందట, దానికి రుజువులు కావాలి, అందుకే ఆ పాత జాబితా, ఈ సంగతంతా కాదు గానీ బ్రిటన్ సంగతి రాజేశం మామకు చెప్తే పడీ పడీ నవ్వాడు, గాళ్ళు గూడ వేరువడ్డరా, మరి నలుగురు పెద్దమనుషులను కూసోవెట్టి పంచుకోరాదురా, మనం జేసుకోలేదా, అల్లుడా మీ సారుకు జెప్పు, తెలంగాణకొస్తే మేం నేర్పిస్తమని.

మామ, ఆయనకు పదిహేడేళ్ళు అయింది ఇక్కడ, పైపుల మీద కోతి లెక్క ఎక్కుతా దిగుతా అంటాడు, భూమేష్ డిగ్రీ కాగితాలను లుంగీలో చుట్టి విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది ఆయనే, బ్యాగులో పెడితే ముడతలు పడతయ్‌రా అని, ఆఫీసుల వడ్డవ్ గదా ఇగ నువ్వు మాలెక్క ఎండల మాడద్దు అని మొదటి రోజు గేటు దాకా వచ్చి దిగబెట్టాడు, కూతురు సృజన నర్సింగు చదువుతోంది, ఇంకొక్క ఏడాది, ఇంకొక్క ఏడాదిరా అల్లుడా, పిల్ల చేతుల సర్టిఫికెట్ వడ్డంక నేను ఒక్క పైపు గూడ ముట్ట, పోయిన శుక్రవారమే అన్నాడు, కూర గిన్నె మూత తీస్తూ, గా పక్క కంపెనీ ఫోర్మన్ స్కాఫోల్డర్లు కావాలె, ఎంతమందున్న తోలుకరా అంటుండు, మన కఫీల్ సంతకం వెట్టడు గదా, వెడ్తె పోదును, భూమేష్ అప్పుడు చపాతీ తుంచుతూ వాళ్ళు ఇచ్చేదాని కంటే మన దగ్గరే నయం మామా అన్నాడు, అప్పుడు కంపెనీ ఇంకా పసుపులోనే ఉంది, ఎరుపుకు రెండడుగుల దూరంలో ఉందని ఆఫీసు కంప్యూటర్లో అప్పటికే చూశాడు, చూసీ అనలేదు, ఎందుకు అనలేదు, ఆఫీసు సంగతులు క్యాంపులో మాట్లాడకూడదు కాబట్టి, రూలు కాబట్టి.

పదకొండు దాటింది, ముద్ర తీసేసి మళ్ళీ స్కాన్ చేసిన కాగితాలు తీసుకుని తలుపు తట్టాడు, సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, సారీ సర్, మొదటిసారి నా ఇనిషియల్స్ పడ్డాయి, ఆ కాపీ చింపేశాను, సర్వర్‌లోంచి కూడా తీసేశాను, సార్ కాగితం తీసుకుని పదకొండో పేరు మీద బొటనవేలు పెట్టి అట్లాగే కూర్చున్నాడు, గురువారం చెప్పిన కథ భూమేష్‌కు మళ్ళీ మొదటి నుంచి వినబడింది, ముందు ఉద్యోగం తీశారు, తర్వాత వయోలా అమ్ముకున్నారు, ముప్ఫై తొమ్మిదిలో ఒక పొద్దున ఎవరో వచ్చి గుమ్మంలోనే నిలబడి పిల్లను ఈ వారమే పంపెయ్యండి, వచ్చే వారం దాకా ఆగొద్దు అని చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా పోయాడు, ఆ పిల్లే మా అమ్మ, రైలెక్కి ఇంగ్లండు చేరింది, తాత అమ్మమ్మ మిగిలారు, తర్వాత ఇంకో జాబితా, ఇంకో రైలు, దాని నకలు మా దగ్గర లేదు, ఆ వచ్చినవాడెవరు సర్ అని గురువారం అడగలేకపోయాడు, ఇవాళ నోరు దానంతటదే తెరుచుకుంది, తెలియదు అన్నాడు సార్, అమ్మ చచ్చిపోయే దాకా అడుగుతూనే ఉంది, ఏదో ఆఫీసులో పనిచేసేవాడట, అంత వరకే తెలుసు, తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు, భూమేష్, ఇదీ అదీ ఒకటి కాదు, వీళ్ళు ఇళ్ళకు పోతారు, అర్థమైందా, ఎన్నడూ రెంటినీ ఒకటనకు, తను అనలేదు, తనేమీ అనలేదు, సారే అన్నాడు, ఒకటి కాదు సర్ అన్నాడు భూమేష్, నిజమే కాబట్టి, అక్కడ పంపింది చావుకు, రాజేశం మామను పంపేది కోరుట్ల బస్సెక్కించడానికి, వాళ్ళ చావుల పక్కన మన కష్టాన్ని పెట్టి తూచడం పాపం, దావూద్ వచ్చే దాకా క్యాంపులో ఎవరికీ తెలియనివ్వకు అని సార్ కాగితాలు కవర్లో పెట్టుకుంటూ చివర్న అన్నాడు, నీకు చెప్పక్కర్లేదులే, నువ్వు మాట్లాడవు, అదే నీలో నాకు నచ్చే గుణం, ఈ కవరు కూడా అందుకే నీకిచ్చాను.

తన కుర్చీకి తిరిగొచ్చి కూర్చున్నాడు, సార్ కవరు సంగతి ఎవరికీ చెప్పడు, ప్రాణం పోయినా చెప్పడు, అది సార్ సొంతది, ఒక మనిషి తల్లి సంగతి, మరి ఈ ముప్ఫై ఒకటి ఎవరి సొంతం, గుణం, నువ్వు మాట్లాడవు, బడిలో సార్లు అదే అన్నారు, కాలేజీలో అదే, అమ్మ అదే, మావాడికి నోట్లె నాలిక లేదు, బంగారం, డిగ్రీ చదివింది దేనికి, కాగితం చదవడానికే గదా, అమ్మకు చదవరాదు, నాన్నకు రాదు, మామకు రాదు, వాళ్ళందరి తరఫునా చదవమని ఒక్కణ్ణి కూర్చోబెట్టారు, వాడు చదివాడు, చదివి దాచుకున్నాడు, పంతొమ్మిదో పేరు కొట్టాడు, ఇరవై కొట్టాడు, ముప్ఫై ఒకటి దాకా ఆగకుండా కొట్టాడు, అడుగున ముద్ర తీసేద్దామా అని ఒక ఆలోచన, తీసేస్తే ఎవరు కొట్టారో కాగితానికి తెలియదు, కర్సర్ అక్కడిదాకా వెళ్ళింది, ఆ జర్మనీ టైపిస్టు కూడా ఒక క్షణం ఇట్లాగే అనుకున్నాడో ఏమో, అనుకుని ఉంచాడో, సాయంత్రం ఇంటికెళ్ళి భోంచేశాడో, వాడికీ ఒక అమ్మ ఉండి మావాడు అస్సలు మాట్లాడడు అని మురిసిపోయిందో, గుమ్మంలో నిలబడ్డవాడికి మాత్రం గుండె ఇట్లాగే కొట్టుకుని ఉండాలి, అందుకే మంచినీళ్ళు తాగలేదు, చేతిలో గ్లాసు నిలవదు గదా, భయం లేనివాడై రాలేదు, ఇంత భయంతోనే వచ్చాడు.

ముద్రను అట్లాగే ఉండనిచ్చాడు, గడియారంలో పదకొండూ ఇరవై, కిటికీ బయట దావూద్ తెల్ల కారు ఇంకా లేదు, ఫోన్ తీసుకుని మెట్ల కిందికి, జనరేటర్ చప్పుడులోకి నడిచాడు, మామ నంబరు నొక్కాడు, మోగుతోంది, మోగుతోంది, తీయకపోతే బాగుండు, తియ్యి మామా, ఇన్నేళ్ళూ తన మంచితనమని అందరూ మెచ్చుకున్నది, తనూ నమ్ముకున్నది ఒట్టి భయమేనని, అదే తన చేత ఇంత నీటుగా టైపు చేయించిందని అప్పుడు ఆ మోతలో నిలబడి తెలుసుకున్నాడు, ఏందిరా ఆఫీసరూ, గీ యాల్లప్పుడు జేసినవ్, లిఫ్టుల ఇరుక్కున్నవా అని మామ గొంతు, వెనక క్యాంపులో పళ్ళేల చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు, మామా, నవ్వకు అన్నాడు భూమేష్, ఇకామా కార్డు చేతుల వట్టుకో, ఆ ఫోర్మన్‌కు ఇప్పుడే ఫోన్ చెయ్యి, ఇగ కఫీల్ సంతకం అక్కర్లేదు, నమాజు కాకముందే, నువ్వొక్కనివే గాదు, నేను పేర్లు చదువుతా, ఒక్కొక్కల్నే పిలువు.