దానిమ్మకు కుండీ మార్చే వేళ

బోన్సాయ్ క్లబ్బుకు కొత్త సీజను కార్యక్రమాలు ఖరారు చేయడం ముగ్గురు కూర్చుంటే అరగంట పని. కానీ ఆ ముగ్గురిలో మావయ్య ఒకడు.

కార్యదర్శి మందుల షాపు నడుపుతుంది. డాక్టర్ల చేతిరాత చదివి చదివి అలవడిన ఓపిక ఆమెది. అదీ అడుగంటింది. ప్రెసిడెంటు ఆమెకు స్వయానా మేనమామ. క్లబ్బు పెట్టిందీ ఆయనే, చిన్నప్పుడు ఆమెకు కత్తెర పట్టడం నేర్పిందీ ఆయనే. మూడోవాడు కోశాధికారి, పళ్ల డాక్టరు. ఎవరేమన్నా "అదీ నిజమే" అంటాడు.

లైబ్రరీ వెనక గదిలో ఇది మూడో సమావేశం.

"మొదటి నెల కుండీలు మార్చే వర్క్‌షాపు. చిగుళ్లు విచ్చకముందే అయిపోవాలి," అందామె. "తర్వాత కొమ్మలు వంచడానికి రాగి తీగ చుట్టడం, ఆపైన నర్సరీ ప్రయాణం, ఆఖర్న ప్రదర్శన. సరేనా?"

"మొదటి నెల నా ప్రసంగం. వేళ్ల గురించి," అన్నాడు మావయ్య.

"రెండో నెల?"

"రెండో భాగం."

"పోయినేడు మొదటి భాగానికే సగం మంది గుర్రు పెట్టారు మావయ్యా."

"మనసు కుదుటపడితేనే నిద్ర పడుతుంది."

"అదీ నిజమే," అన్నాడు పళ్ల డాక్టరు.

ఆమె పళ్లు నూరింది. "కొత్తవాళ్లు చేత్తో చేసి నేర్చుకుంటామంటున్నారు. నువ్వు చేసి చూపించు. లేదా బయటి నుంచి ఎవరినైనా పిలుద్దాం."

మావయ్య ముఖం మాడ్చుకున్నాడు. "నేనుండగా బయటివాడెందుకు?"

"అయితే చూపిస్తావా?"

"చూద్దాంలే."

మూడు సమావేశాలుగా ఇదే చూద్దాంలే. ఆమె లేచి నిలబడింది. "ప్రెసిడెంటుగారూ, మీ క్లబ్బు, మీ ప్రసంగం, వాళ్ల నిద్ర. నేను మానేస్తున్నాను."

మర్నాడు షాపు తెరవకముందే, క్లబ్బు బీరువా తాళాలు ఆయన ముఖాన కొట్టి రావాలని బయలుదేరింది. అత్తయ్య తలుపు తీసి, "మేడ మీదున్నాడు. నువ్వైనా చెప్పు తల్లీ, నా మాట చెవికెక్కించుకోడు," అంది.

మెట్లెక్కి చూసి ఆగిపోయింది. మావయ్యకు ప్రాణమైన ముసలి దానిమ్మ బల్ల మీద ఉంది. వేళ్లు కుండీ నిండా బిగుసుకుపోయి చెట్టును పైకి నెట్టేస్తున్నాయి. కొమ్మకు చుట్టిన తీగ బెరడును కోసుకుని లోపలికి దిగింది. ఈయన చెట్టేనా ఇది అనిపించింది. మావయ్య కత్తెరతో ఆ తీగ పట్టుకోబోతున్నాడు. చేయి వణికి, కత్తెర జారి, ఎర్రటి చిగురుమొగ్గ తెగి కిందపడింది.

అలికిడికి తిరిగి చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి మావయ్యా?"

"చలికాలం నుంచి."

"డాక్టరుకు చూపించుకున్నావా?"

"మీ అత్తయ్య ఊరుకుంటుందా? మాత్రలు రాశాడు." తల తిప్పుకుని అన్నాడు, "నీకు తెలుస్తుందని వేరే షాపులో కొంటున్నా."

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. "దీనికా మా ప్రాణాలు తోడేశావు! ఒక్క ముక్క చెబితే నోటి ముత్యాలు రాలతాయా?"

"కుండీ మార్చలేని ప్రెసిడెంటు ఏం ప్రెసిడెంటే?"

తాళాలు సంచిలోనే ఉంచి చేయి చాపింది. "ఆ కత్తెర ఇటియ్యి."

తీగను లాగకుండా ముక్కలుగా కత్తిరించింది. చెట్టును కుండీలోంచి ఎత్తి, పుల్లతో పాత మట్టి రాల్చసాగింది. మావయ్య పక్కన నిలబడి ఒక్క క్షణం నోరు మూయలేదు.

"మెల్లగా... అది కాదే! లావు వేరు కొట్టెయ్, సన్నది ఉంచు. నీళ్లు తాగేది సన్నదే."

"తెలుసు."

"తెలిస్తే ఆ చేయి అలా పడుతుందా?"

"నువ్వు అరుస్తుంటే ఇంకెలా పడుతుంది?"

విసుక్కుంటూనే వింది. ఏ వేరు కోయాలో, ఎక్కడ ఆగాలో ఆయన చెబుతున్నవి ఆ ప్రసంగాల్లో ఏనాడూ వినలేదు. మట్టి ముందుంటే ఆయన మాట మారిపోతుంది. కొత్త కుండీలో చెట్టు నిలిచాక ఆమె అంది, "వర్క్‌షాపు ఇలాగే చేద్దాం. నోరు నీది, చేతులు నావి."

"జనం ఏమనుకుంటారు?"

"నిద్రయితే పోరు."

మొదటి నెల వర్క్‌షాపు రోజు గది కిక్కిరిసింది. మావయ్య ముందుగా లేచి, "నా చేతులు సెలవు పెట్టాయి. మా మేనకోడలివి అరువు తెచ్చుకున్నా, కాస్త మొండివి," అన్నాడు. జనం నవ్వారు. ఆ పూటంతా మేనమామా మేనకోడలూ కీచులాడుకుంటూనే ఉన్నారు. కొత్తవాళ్లు కుర్చీలు వదిలి బల్ల చుట్టూ మూగారు.

ఆ మేడ మీది దానిమ్మ నిండా చిగిర్చింది, ఒక్క కొమ్మ తప్ప. ఆ కొమ్మ ఎండిపోవడం ఆమె నిర్వాకమేనని మావయ్య పొద్దునా సాయంత్రమూ ఫోను చేస్తున్నాడు. నిన్న ఆమె ఆ ఫోనును అలాగే కౌంటరు మీద పెట్టి, వరుసలో ఉన్నవాళ్లందరికీ మందులిచ్చి పంపి, మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది.

"...వింటున్నావా?" అంటున్నాడు మావయ్య.



"వింటున్నా," అందామె. "చెప్పు."