సదస్సులో కరెంటు తీసిన చెయ్యి

నేను ఒక డీజిల్ జనరేటర్‌ని. కాకినాడలో అంతర్జాతీయ విద్యుత్ సదస్సు హాలు చీకటైపోయిన క్షణంలో, ఎదుటి టీకొట్టులో ఫ్యాను దర్జాగా తిరుగుతూ కనిపించేసరికి, కరెంటు పోలేదనీ ఎవరో తీసేశారనీ నాకు తెలిసిపోయింది.

నేను పుట్టింది కోయంబత్తూరులో. మొదట నన్ను కొన్నాయన తునిలో సినిమా హాలు నడిపేవాడు. అప్పట్లో కరెంటంతా ఒకే ప్రభుత్వ బోర్డుది. తిట్టదలిస్తే ఒకే చిరునామా. తరవాత దాన్ని ముక్కలు చేశారు. తయారీ ఒకరిది, తీగలు ఒకరివి, ఇంటింటికీ ఇవ్వడం మరొకరిది. అందరి మీదా పెద్దరికానికి ఒక నియంత్రణ సంఘం. ఇన్ని మార్పుల్లోనూ నాకు పని తగ్గలేదు. కల్యాణ మండపంలో కొన్నాళ్ళు మోగి, చివరికి అద్దె సామాన్ల సత్తిపండు చేతిలో పడి, ఈ హాలు వెనక నిలబడ్డాను.

లోపల పొద్దుటినుంచీ దేశాల పోలికే. ఫ్రాన్సులో ప్రభుత్వ సంస్థే పెద్దన్నట. ఇంగ్లండులో కరెంటు అమ్మేవాణ్ణి చొక్కా మార్చినట్టు మార్చుకోవచ్చట. నార్వేలో రేటు చేపల బజారులోలాగా పూటకో రకమట. జపానులో తూర్పు కరెంటుకీ పడమటి కరెంటుకీ పొసగదట. మనకు వీటిలో ఏది తగినదో మధ్యాహ్నం కోస్తా విద్యుత్ నియంత్రణ సంఘం అధ్యక్షులు భుజంగరావు గారు ప్రకటించాలి.

సరిగ్గా ఆ వేళకి, సత్తిపండు టీకి వెళ్ళగా, ఒక చెయ్యి వచ్చి, నేను మోగకుండా, జిడ్డోడుతున్న నా డీజిల్ కుళాయి కట్టేసింది. పక్కగదిలో మెయిన్ స్విచ్ టక్కుమంది.

చీకట్లో ఇంగ్లండు అతిథి, తప్పు తీగలవాళ్ళదా అమ్మేవాళ్ళదా అని ఆరా తీశాడు. తమ దేశంలో ఆ ప్రశ్నే పుట్టదన్నాడు ఫ్రాన్సు అతిథి. మనవాళ్ళు మాత్రం క్షణంలో తేల్చేశారు. తప్పు ఆ ఏరియా ఇంజనీరు, ఏఈ హైమవతిది. సాయంత్రంలోగా సస్పెండ్ చేస్తామని ఆమె పైఅధికారి ఎస్ఈ గారు అతిథుల ముందే మాటిచ్చేశారు. ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని పిల్ల.

హైమవతి పరుగున వచ్చింది. టీకొట్టు ఫ్యాను చూసింది, నా కుళాయి చూసింది, స్విచ్ పిడి మీద నల్లటి తడి మరక చూసింది. స్విచ్ వేసింది. హాల్లో దీపాలతోపాటు మైకూ లేచింది. ఆమె టీ ట్రే అందుకుని వేదిక ఎక్కింది. విదేశీయులతో సహా అందరూ కుడిచేత్తో కప్పు తీసుకున్నారు. భుజంగరావు గారొక్కరే ఎడమచెయ్యి చాపారు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది.

"కుడిచేత్తో తీసుకోండి సార్," అంది హైమవతి మెల్లగా. "డీజిల్ జిడ్డు ఉత్త నీళ్ళకి పోదు. సబ్బు తెప్పిస్తాను."

ఆయన ఎస్ఈ వైపు చూశారు. ఎస్ఈ నేల చూశాడు. జేబులోంచి నల్లటి చెయ్యి బయటికొచ్చింది. మైకు ముందే ఉందన్న సంగతి ఆయన మరిచిపోయారు.

"నేనేనమ్మా తీసింది. ఇంగ్లండు పద్ధతంటే యూనియన్లు ఊరుకోవు, ఫ్రాన్సు పద్ధతంటే కంపెనీలు ఊరుకోవు. ఏది చెప్పాలో పైనుంచి ఇంకా ఫోను రాలేదు. వచ్చేదాకా కాస్త చీకటి చేద్దామనుకున్నాను. నిన్ను బలి చేస్తారని తెలుసు, అయినా తీశాను. మాది పేరుకి స్వతంత్ర సంఘం కదా. ఈ కుర్చీలో కూర్చున్నాక ఎవర్నీ అడక్కుండా నా అంతట నేను తీసుకున్న నిర్ణయం ఇదొక్కటే తల్లీ."