తప్పు నాలుకదా, నీళ్లదా

లయల్ తన కాగును స్నేహితుడు ఇవోకి ఇచ్చేస్తానన్న రోజున నాకు ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్లుగా మా ఆయన బీరు కాచింది ఆ స్టీలు కాగులోనే. ఊరి వార్షిక ప్రదర్శనలో ఇంటి బీర్లు రుచి చూసి బహుమతులు తేల్చేదీ పద్దెనిమిదేళ్లుగా ఆయనే. అలాంటి మనిషి ఈసారి తన పేరు తీసేయమని కమిటీకి ఉత్తరం రాసి టేబుల్ మీద పెట్టాడు.

"నా నాలుక పోయింది రోవెనా. ఇంక నేనేం తీర్పు చెప్తాను?" అన్నాడు.

పోయిన జూన్ చలిలో ఒక పాడు జ్వరం వచ్చి, నెల రోజులు ఆయనకు వాసనా రుచీ తెలియలేదు. తర్వాత తిరిగి వచ్చాయనే అనుకున్నాం. ఆగస్టులో గోధుమ పొలం అమ్మేసి, దక్షిణ ఆస్ట్రేలియా తీరంలో ఉన్న ఈ వాలరూ ఊళ్లోకి మారాం. అప్పటినుంచి కాచిన ప్రతి బీరూ ఆయనకు దెబ్బకు అంటించే ప్లాస్టర్ వాసన వేస్తోందట. ఆరు నెలల్లో నాలుగుసార్లు కాచాడు, నాలుగుసార్లూ అదే. తాగినవాళ్లను అడిగితే అందరిదీ ఒకటే మాట, "బాగుంది గురూ." అందరికీ బాగున్నది తనకొక్కడికే కంపు కొడుతోందంటే లోపం ఎక్కడుందని అనుకుంటాడు మరి? అన్నం దగ్గరా అదే అనుమానం పట్టుకుంది. మాంసం ముక్క నోట్లో పెట్టుకుని, ఉప్పు సరిపోయిందో లేదో నన్నడిగేవాడు. ఆ అడగడం వింటే నాకు ఏడుపొచ్చేది.

నన్ను రుచి చూడమంటే లాభం లేదు. బీరంటేనే నాకు తలనొప్పి, మంచిదైనా చెడ్డదైనా నాకు ఒకటే కంపు.

అందుకని ఒక సీసా సంచిలో వేసుకుని వీధి చివర ఇవో ఇంటికి వెళ్లాను. ఇవో క్రొయేషియా నుంచి చిన్నప్పుడే వచ్చినవాడు, చేపల పడవ అమ్మేశాక పెరట్లో వైన్ చేసుకుంటూ కూర్చున్నాడు. వాళ్లావిడ దానిత్సా తలుపు తీసి, నా చేతిలో సీసా చూడగానే ముఖం అదోలా పెట్టింది.

"దాన్ని మళ్లీ తెచ్చావా తల్లీ? మా నిమ్మచెట్టు ఇంక తాగలేదు" అంది.

"నిమ్మచెట్టేమిటి?"

వెనకనుంచి ఇవో గొంతు సవరించుకున్నాడు. "అది కాదు రోవెనా. అసలే జ్వరం పడి లేచినవాడు, పొలం అమ్ముకుని దిగులు మీద ఉన్నాడు. ఎదురుగా కూర్చుని నీ బీరు బాగాలేదని ఎలా చెప్పను?"

మా వైపు మర్యాద అది. ఒకడి షెడ్డులో కూర్చుని వాడు పోసిన బీరు తాగుతూ వంక పెట్టకూడదు. చాటుగా చెట్టుకు పోయొచ్చు. ఆ మర్యాదకు దండం పెట్టాలనిపించింది. ఆరు నెలలుగా నా మొగుణ్ణి అదే తినేసింది.

"నోరు మూసుకుని నాతో రా. వాసన ఏమిటన్నది మాత్రం ఇప్పుడు నాకు చెప్పకు" అన్నాను.

ఇంటికి తీసుకొచ్చి ఇద్దరి ముందూ ఒక్కో గ్లాసు పోశాను. చెరో కాగితం ఇచ్చి, వాసన దేన్ని పోలి ఉందో చూపించుకోకుండా రాయమన్నాను. లయల్ విసుక్కున్నాడు గాని రాశాడు. నేను రెండూ విప్పి పక్కపక్కన పెట్టాను. ఒకదాని మీద "ప్లాస్టర్" అని ఉంది. రెండోదాని మీద "దెబ్బకు వేసే ప్లాస్టర్, ఆసుపత్రి" అని ఉంది.

లయల్ రెండు కాగితాలూ చేతిలోకి తీసుకుని మళ్లీ చదివాడు. "అయితే నీకూ కంపేనా?" అన్నాడు.

"మొదటి గ్లాసు నుంచీ" అన్నాడు ఇవో, నేలచూపులు చూస్తూ.

"దొంగ వెధవా" అన్నాడు లయల్. ఇంత ప్రేమగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు. వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాడు. కళ్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

ఆ తర్వాత ఇవో అడిగాడు, "ఏ నీళ్లతో కాస్తున్నావు?"

"కుళాయివే. క్లోరిన్ పోవాలని రాత్రంతా బకెట్లో ఉంచుతున్నాగా."

"మామూలు క్లోరిన్ అయితే పోయేది. మనకు నీళ్లు వందల మైళ్లు గొట్టాల్లో వస్తాయి. దారిలో చెడకుండా దాన్ని అమ్మోనియాతో కలిపి వేస్తారు. అది వారం ఉంచినా పోదు. బీరులో పడిందా, ఇదిగో ఈ కంపు." జేబులోంచి చిన్న తెల్ల బిళ్లల సీసా తీశాడు. వైన్‌లో వాడేవే. "బకెట్‌కు సగం బిళ్ల నలిపి కలుపు. కాసేపట్లో నీళ్లలోని ఆ క్లోరిన్ మందు విరిగిపోతుంది."

పొలంలో ముప్ఫై ఏళ్లూ రేకుల మీదనుంచి ట్యాంకులో పట్టిన వాన నీళ్లతో కాచిన మనిషికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? కమిటీకి రాసిన ఉత్తరాన్ని నేను పొయ్యిలో పడేశాను.

మర్నాడే కాచాడు. నెల తిరిగాక ఆదివారం మధ్యాహ్నం ఇవోనీ దానిత్సానూ పిలిచి సీసా తీశాడు. తను ముందు తాగలేదు, గ్లాసు పట్టుకుని ఇవో ముఖం చూస్తూ కూర్చున్నాడు.

ఇవో ఒక గుటక వేశాడు. "బా..." అని నా వైపు చూసి ఆగాడు. ఇంకో గుటక వేశాడు. "ప్లాస్టర్ లేదు. కానీ గురూ, చేదు గొంతు పట్టుకుంటోంది. జిప్సం ఎంత వేశావు?"

"ఎప్పటిలాగే, రెండు చెంచాలు."

"అది వాన నీళ్ల లెక్క. వాటిలో ఏ లవణమూ ఉండదు కాబట్టి, చేదు తేలడానికి జిప్సం వేసేవాడివి. కుళాయి నీళ్లలో లవణాలు ముందే బోలెడు. ఇన్నాళ్లూ ఆ కంపు కింద ఈ చేదు ఎవరికీ తెలియలేదు."

అప్పుడు లయల్ తన గ్లాసు ఎత్తి, నెమ్మదిగా ఒక గుటక తాగి, నాలుక మీద నిలిపాడు. ఆయన మింగి, గ్లాసు కింద పెట్టి, నా వైపు తిరిగాడు.

"అవును రోవెనా, చేదే" అన్నాడు. ముఖమంతా నవ్వే.