తొట్టిలో కోడి లేచేదాకా

నలభై కోళ్లు గంపల్లో ఉన్నాయి. తనిఖీకి వచ్చిన అధికారి పొద్దున్నే వాటి కాళ్ల కడియాలు కనపడకుండా తన చేతులతోనే తెల్ల పట్టీలు చుట్టాడు. ఏ కోడి ఏ గుంపుదో రాసిన జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇక ఏది ఏదో ఎవరికీ తెలీదు కదా?" అని అడిగాడు.

"తెలీదు సార్" అంది మా డాక్టరమ్మ.

నన్నెవరూ అడగలేదు. ఐదేళ్లుగా వాటికి మేత వేసి, నీళ్లు పెట్టి, పెంట ఎత్తినదాన్ని. కాళ్లకు పట్టీ చుడితే మొహాలు మారిపోతాయా?

భయం పుట్టుకతో నెత్తుట్లో వస్తుందా అన్నదే డాక్టరమ్మ తేల్చాలనుకున్నది. పిరికి కోళ్లను ఒక గుంపు, మొండి కోళ్లను ఒక గుంపు చేసి ఐదు తరాలు పెంచింది. పిరికివాటికి నీలం కడియం, మొండివాటికి ఎరుపు. గుడ్లన్నీ మిషన్లో పొదిగించి, పిల్లలన్నిటినీ ఒకే కొట్టంలో పెంచాం. తల్లిని చూసి భయపడడం నేర్చుకునే వీలు లేదు. అయినా నీలం కడియం పిల్లలు గిన్నె చప్పుడుకే మూలకు చేరేవి.

పరీక్ష చిన్నదే. కోడిని చెక్క తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మీద చెయ్యి పెట్టి పది లెక్కపెట్టి వదిలేయాలి. భయపడ్డ కోడి చచ్చినట్టు పడి ఉంటుంది. ఎంత ఆలస్యంగా లేస్తే అంత పిరికిదని లెక్క. పట్టుకునేది మొదటి నుంచీ నేనే. డాక్టరమ్మ తెర వెనక గడియారం పట్టుకుని కూర్చుంటుంది. నేను "లేచింది" అనగానే ఆపి పుస్తకంలో రాసుకుంటుంది.

ఈ రోజు రెండు గుంపులకూ తేడా కనపడకపోతే కొట్టం మూసేస్తారు. కోళ్లన్నీ మాంసం బండి ఎక్కుతాయి. డాక్టరమ్మ ఐదేళ్ల చాకిరీ గాలికి పోతుంది. పాపం, రాత్రంతా నిద్రపోలేదని ఆమె కళ్లే చెబుతున్నాయి.

మొదటి ఎనిమిదీ బాగానే నడిచాయి. మొండివి నిమిషంలోపే లేచాయి. పిరికివి నాలుగేసి నిమిషాలు పడుకున్నాయి. తొమ్మిదోది గుండ్రాయి. వెల్లకిలా పెడితే రాయిలా పడి ఉంటుందని ఆ పేరు పెట్టాను. దాన్ని వదిలాక, ఎప్పటిలాగే వంగి దాని కంట్లోకి చూస్తున్నాను. ఇంతలో ఈక ధూళి ముక్కులోకి పోయి తుమ్ము వచ్చింది. మొహం పక్కకు తిప్పాను. తుమ్మి చూసేసరికి గుండ్రాయి లేచి నిలబడి ఉంది.

"లేచింది" అన్నాను.

పదోది కూడా పిరికిదే. ఈసారి కావాలనే గోడ వైపు తిరిగాను. వంద లెక్కపెట్టేలోపే తొట్టి కదిలింది. పదకొండోది తుంటరి, మొండివాటిలోకెల్లా మొండిది. దాని కంట్లోకి గుచ్చిగుచ్చి చూశాను. తుంటరి కదల్లేదు. రెప్ప కూడా వేయలేదు.

అప్పుడర్థమైంది. ఏది ఎవరి పిల్లో తెలిసిన రెండో తరం నుంచీ, పిరికివాటి మీద జాలితో వంగి చూస్తూ వచ్చాను. మొండివాటిని వదిలేసి కిటికీలోకి చూసేదాన్ని. జాలి నాది, కోడికి మాత్రం అది మీద వాలిన గద్ద చూపు. డాక్టరమ్మ పుస్తకాల్లో రాసినదాంట్లో వాటి భయమెంతో, నా చూపెంతో!

ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి. నేను ఎప్పటిలాగే చూస్తే చాలు, కొట్టం నిలబడుతుంది. ఎవరికీ అనుమానం రాదు.

పన్నెండోదాన్ని తొట్టిలో పెట్టాను. చెయ్యి తీశాను. ఎటు చూడాలో తెలియక కళ్లు మూసుకున్నాను.

"ఏమ్మా, కళ్లు మూసుకుని ఏం చేస్తున్నావ్? సరిగ్గా చూడు!" అని గుమ్మం దగ్గర నుంచి అధికారి అరిచాడు.

మా ఆయన బతికున్నప్పుడు అలా అరిస్తే నేను ఉన్నచోటే బిగుసుకుపోయేదాన్ని. ఇప్పుడూ అంతే. కాళ్లు కదల్లేదు. కోడి రెక్కలు టపటపలాడించి లేచి కిందికి దూకింది. నేను "లేచింది" అనలేకపోయాను.

"పెద్దమ్మా?" తెర వెనక నుంచి డాక్టరమ్మ పిలిచింది. "ఏమైంది?"

"అమ్మా, నేను చూస్తే అవి లేవడం లేదు" అన్నాను. "అన్నిటి మొహాలూ నాకు తెలుసు. పిరికివాటినే చూస్తూ వచ్చాను."

తెర పక్కకు జరిగింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎప్పట్నుంచి?"

"రెండో తరం నుంచి."

అధికారి నన్ను తిడతాడనుకున్నాను. ఆయన జేబులోంచి రుమాలు తీశాడు. "కళ్లకు గంతలు కట్టుకో. మొదటి నుంచి మొదలుపెట్టు. మేమిద్దరం తెర వెనకే ఉంటాం."

గంతలు కట్టుకుని తొట్టి అంచు మీద వేలు ఆనించి కూర్చున్నాను. కోడి లేస్తే చెక్క కదిలేది, నేను చెప్పేదాన్ని. మధ్యాహ్నం అన్నం వేళ కూడా దాటిపోయింది. ఒక్కోసారి చెక్క ఎంతకీ కదిలేది కాదు. నా చెమట చుక్క చేతి మీద పడే చప్పుడు కూడా వినిపించేది.

చివరికి ఆయన జాబితా విప్పి కూడికలు వేశాడు. నీలం కడియాలు సగటున రెండు నిమిషాల పైచిలుకు. ఎరుపువి నిమిషంలోపే.

"తేడా ఉంది. మీరు రాసుకున్నంత లేదు" అన్నాడు. "పాత పుస్తకాలు లెక్కలోకి రావు. కొట్టం ఉంటుంది. ఇంకో రెండు తరాలు ఇలాగే చూడండి."

డాక్టరమ్మ ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. సాయంత్రం మేత వేస్తుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఆయన అరిచినప్పుడు గడియారం ఆపలేదు పెద్దమ్మా. నువ్వు నోరు విప్పడానికి తొంభై సెకన్లు పట్టింది."

"మరి కోడికి?"

"రెక్కల చప్పుడు నలభైకే వినిపించింది. నీకంటే అదే నయం."

"అయితే నాకూ నీలం కడియమే వెయ్యి."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. ఇంకా కోపం పోలేదు. "రేపు పెందలాడే రా. ఆ రుమాలు కూడా తెచ్చుకో" అని వెళ్లిపోయింది.

నేను తలుపు వైపు తిరిగి, గుండ్రాయి వైపు చూడకుండా మేత గిన్నె దాని ముందు పెట్టాను. కాసేపటికి గిన్నెలో ముక్కు తగిలిన చప్పుడైంది.